మార్చి మ్యాడ్‌నెస్ బ్రాకెట్: మీ గుంపుకు ఏ పద్ధతి, ఏ స్కోరింగ్ నప్పుతుంది?

మార్చి మ్యాడ్‌నెస్ అని పిలిచే అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీకి ఎంపికైన జట్ల జాబితా ఆదివారం సాయంత్రం వస్తుంది. గురువారం మధ్యాహ్నానికి బ్రాకెట్లు, అంటే ప్రతి ఆటలో ఎవరు గెలుస్తారో ముందే రాసిచ్చే పట్టికలు, తాళం పడిపోతాయి. మధ్యలో ఉన్న ఆ కాస్త వ్యవధిలో అందరూ ఏ జట్టు గెలుస్తుందోనని తలలు పట్టుకుంటారు కానీ, పాయింట్లు ఎలా వేయాలన్నది మాత్రం ఎవరికీ పట్టదు. గ్రూప్ పెట్టినవాళ్లు సైటులో ముందే ఉన్న సెట్టింగునే ఉంచేస్తారు. రెండో వారాంతం వచ్చేసరికి సగం మంది స్కోర్లు చూడటమే మానేస్తారు. వాళ్లకు ఆట మీద ఆసక్తి పోయిందని కాదు. చాంపియన్ అని రాసుకున్న జట్టు ఓడిపోయింది, ఆ స్కోరింగులో ఇక పైకి రావడానికి దారి లేదు, అంతే.

అందుకే జట్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ గుంపులో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో బాస్కెట్‌బాల్ ఎందరికి తెలుసు, మూడు వారాలూ ఎందరు చూస్తారు అన్నది లెక్క వేసుకోండి. స్కోరింగ్ ఏదో దాన్నిబట్టి తేలుతుంది. బ్రాకెట్ ఎలా నింపాలన్నది స్కోరింగును బట్టి తేలుతుంది.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. పురుషుల టోర్నీలో 1985 నుంచి 64 జట్లు, 2011 నుంచి 68 జట్లు ఆడుతున్నాయి. అదనంగా వచ్చిన నాలుగు జట్ల కోసం మంగళ, బుధవారాల్లో ఒహాయోలోని డేటన్‌లో ఫస్ట్ ఫోర్ పేరుతో నాలుగు ఆటలు జరుగుతాయి. మామూలు బ్రాకెట్ పూల్‌లో (గుంపుగా ఆడే అంచనాల పోటీలో) వీటిని లెక్కపెట్టరు, గురువారం నుంచి జరిగే 63 ఆటలే లెక్క. నాలుగు రీజియన్లు (విభాగాలు), ఒక్కోదానిలో 1 నుంచి 16 దాకా సీడ్లు, అంటే బలాన్నిబట్టి ఇచ్చిన వరుస సంఖ్యలు. 1 అన్నిటికంటే బలమైనది, 16 అన్నిటికంటే బలహీనమైనది. మొత్తం 63 ఆటలూ సరిగ్గా చెప్పినవాళ్లు ఇంతవరకూ లేరు. 2019లో ఒహాయోకు చెందిన ఒకరి బ్రాకెట్ మొదటి 49 ఆటల దాకా తప్పు లేకుండా వచ్చింది. తెలిసినంతలో రికార్డు అదే. కాబట్టి తప్పుల్లేని బ్రాకెట్ కోసం తాపత్రయపడకండి. పక్కవాళ్లకంటే నాలుగు పాయింట్లు ఎక్కువ తెచ్చుకుంటే చాలు.

స్కోరింగ్: అసలు ఆట ఇక్కడే ఉంది

ఎక్కువ సైట్లలో కనిపించేది రౌండు రౌండుకూ రెట్టింపయ్యే పద్ధతి: 1-2-4-8-16-32. ఈఎస్‌పీఎన్‌లో ఇదే 10-20-40-80-160-320గా ఉంటుంది. ప్రతి రౌండుకూ సమానంగా 32 పాయింట్లు, మొత్తం 192. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. కానీ చాంపియన్‌ను సరిగ్గా రాసినవారికి ఆ ఒక్క జట్టు మీదే ఆరు రౌండ్లలో కలిపి 63 పాయింట్లు వస్తాయి. అంటే మొత్తంలో మూడో వంతు. మొదటి రౌండులో 32కు 26 సరిగ్గా చెప్పినవారికీ, 20 చెప్పినవారికీ తేడా ఆరు పాయింట్లే. ఫైనల్లో ఒక్క జట్టు పేరు ఆ తేడాను తుడిచిపెట్టేస్తుంది.

దీనికి పూర్తి వ్యతిరేకం 1-2-3-4-5-6. మొత్తం 120 పాయింట్లు, చాంపియన్ జట్టు వాటా 21, అంటే ఆరో వంతు కంటే కొంచెం ఎక్కువ. ఇందులో మొదటి వారాంతమే దాదాపు అన్నీ తేల్చేస్తుంది. 120లో 64 పాయింట్లు మొదటి రెండు రౌండ్లలోనే అయిపోతాయి. సీజన్ అంతా చూసి, చిన్న కాన్ఫరెన్సుల (కాలేజీ లీగుల) జట్లు కూడా తెలిసినవాళ్లున్న గుంపుకు ఇది బాగుంటుంది. మిగతావాళ్లకు ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు జట్ల దశ) చప్పగా అనిపిస్తుంది.

ఈ రెంటికీ మధ్యలో 2-3-5-8-13-21 ఉంది. మొత్తం 231 పాయింట్లు, చాంపియన్ జట్టు వాటా 52, నూటికి 22 పైన. పది నుంచి ముప్పై మంది ఉన్న స్నేహితుల గుంపుకు మా ఓటు దీనికే. మొదటి రౌండు గెలుపుకు విలువ ఉంటుంది, చాంపియన్ తప్పినవారికి దారి మూసుకుపోదు, సోమవారం రాత్రి ఫైనల్‌కు కూడా ముగ్గురు నలుగురు పోటీలో ఉండే అవకాశం ఎక్కువ.

ఇక అప్‌సెట్ (బలహీన జట్టు బలమైనదాన్ని ఓడించడం) బోనస్. చిన్న సీడును (12, 13 లాంటి బలహీన జట్టును) నమ్మినవారికి అదనపు పాయింట్లు ఇవ్వడం చాలామందికి ఇష్టం, ఆటకు ఉత్సాహం తెస్తుంది కూడా. కానీ తప్పు లెక్కతో పెడితే పూల్ మొత్తం పాడవుతుంది. ఎక్కువగా జరిగే పొరపాటు ఏమిటంటే, గెలుపుకు 1 పాయింటు ఉంచి, సీడ్ల మధ్య తేడాను బోనసుగా కలపడం. 5వ సీడుతో 12వ సీడ్ ఆట తీసుకోండి. చరిత్రలో 12వ సీడ్లు నూటికి 35 దరిదాపుల్లో గెలిచాయి. 12ను రాస్తే గెలిచినప్పుడు 1+7=8 పాయింట్లు, సగటున 2.8. 5ను రాస్తే గెలిచినా 1 పాయింటే, సగటున 0.65. అంటే కళ్లు మూసుకుని చిన్న సీడ్లన్నీ రాసేసినవారిదే పైచేయి. 4తో 13, 3తో 14 ఆటల్లో కూడా ఇదే లెక్క వస్తుంది. బాస్కెట్‌బాల్ తెలియాల్సిన పనే ఉండదు.

అదే సీడ్ల తేడా బోనసును, గెలుపుకు 10 పాయింట్లున్న పద్ధతిలో కలిపి చూడండి. 12వ సీడ్ మీద సగటున 6 పాయింట్లు, 5వ సీడ్ మీద 6.5. దాదాపు సమానం. 6తో 11 ఆటలో కూడా తేడా చాలా తక్కువ. 4తో 13 దగ్గరకు వచ్చేసరికి మాత్రం 4వ సీడే లాభం. ఆలోచించి తీసుకోవాల్సిన నిర్ణయం అంటే ఇదీ. బోనస్ కావాలంటే మొదటి రౌండు గెలుపుకు 10 పాయింట్లకు తగ్గకుండా పెట్టండి, బోనసును మొదటి రెండు రౌండ్లకే పరిమితం చేయండి.

బ్రాకెటే కావాలా?

గుంపులో సగం మందికి కాలేజీ జట్ల పేర్లే తెలియకపోతే 63 పేర్లు నింపమనడం వాళ్లకు శిక్ష. అలాంటప్పుడు వేరే పద్ధతులు మేలు.

ఎనిమిది మంది ఉంటే డ్రాఫ్ట్ అద్భుతంగా కుదురుతుంది. 64 జట్లు, మనిషికి ఎనిమిది. చీట్లు వేసి వరుస తేల్చండి. మొదటి విడత 1 నుంచి 8 దాకా, రెండో విడత 8 నుంచి వెనక్కి, ఇలా అటూ ఇటూ తిరుగుతూ ఎంచుకోవాలి. ఎప్పుడూ ఒకే వరుసలో ఎంచుకుంటే మొదట ఉన్నవారికి అన్యాయమైన లాభం వస్తుంది. ప్రతి గెలుపుకు 10 పాయింట్లతో పాటు ఆ జట్టు సీడ్ సంఖ్యనూ కలపండి. అప్పుడు 1వ సీడ్ చాంపియన్ అయితే ఆరు గెలుపులకు 66, 11వ సీడ్ రెండు ఆటలు గెలిస్తే 42. చివరి విడతలో దొరికిన జట్టుకు కూడా విలువ ఉంటుంది. ప్రతి ఒక్కరికీ చేతిలో ఎనిమిది జట్లుంటాయి కాబట్టి ఏ ఆట పెట్టినా గుంపులో ఎవరో ఒకరి జట్టు ఆడుతూనే ఉంటుంది. ఆట తెలియనివాళ్లను చూడటానికి కూర్చోబెట్టే శక్తి దీనికున్నంతగా బ్రాకెట్‌కు లేదు.

ఐపీఎల్ వేలాన్ని ఆస్వాదించేవాళ్లకు వేలం పద్ధతి ఇట్టే నచ్చుతుంది. డబ్బు వద్దు, తలా 100 పాయింట్లు ఇవ్వండి. 1 నుంచి 12 దాకా సీడ్లను విడివిడిగా, ప్రతి రీజియన్లోని 13 నుంచి 16 సీడ్లను ఒక కట్టగా పాడితే మొత్తం 52 పాటలు. పాటకు నిమిషంన్నర అనుకున్నా గంటా ఇరవై నిమిషాలు పడుతుంది, అందరూ వీడియో కాల్‌లో ఉండాలి. సీడ్ వరుసలో మాత్రం పాడకండి. 1వ సీడ్లు ముందొస్తే అందరి పాయింట్లూ అక్కడే కరిగిపోతాయి, చివరి ముప్పై జట్లు ఒక్కో పాయింటుకు వెళ్లిపోతాయి. చీట్లు తీసి వరుస నిర్ణయించండి.

రోజుకు ఒక జట్టును ఎంచుకునే సర్వైవర్ మరో దారి. ఎంచుకున్న జట్టు ఆ రోజు గెలవాలి, ఒకసారి వాడిన జట్టును మళ్లీ వాడకూడదు, ఓడితే మీరు ఔట్. గురు, శుక్ర, శని, ఆది. మళ్లీ గురు, శుక్ర, శని, ఆది. తర్వాత శనివారం, సోమవారం. మొత్తం పది రోజులు. భయంతో మొదటి రోజే 1వ సీడును వాడేసినవాళ్లు ఎనిమిదో రోజుకు చేతులెత్తేస్తారు. ఎలైట్ ఎయిట్ (చివరి ఎనిమిది జట్ల దశ) ఆదివారం నాడు ఆడేవి నాలుగే జట్లు, ఆ నాలుగూ వాడేసి ఉంటే ఓడకుండానే ఇంటికి పోవాల్సిందే. మొదటి రెండు రోజుల్లో, రెండో వారాంతం దాకా రావని మీకనిపించే 3, 4, 5 సీడ్లను వాడుకోవడం తెలివైన పని. రోజుకు ఒక్క నిర్ణయమే కాబట్టి పని ఒత్తిడిలో ఉన్నవాళ్లకు ఇది అనువు. కానీ ఇరవై మందికి తక్కువుంటే పెట్టకండి, మొదటి వారాంతానికే ముగిసిపోవచ్చు.

సైటా, షీటా?

ఇరవై మంది దాటితే సైటు తప్పదు. ఈఎస్‌పీఎన్, యాహూ, సీబీఎస్ మూడూ ఉచితంగానే గ్రూపులు పెట్టుకోనిస్తాయి. పాయింట్లు మార్చుకునే సౌకర్యం మీకు ముఖ్యమైతే, లింకు పంపకముందే గ్రూప్ సెట్టింగుల్లో రౌండు పాయింట్లూ బోనసూ మార్చి చూసుకోండి. అందరూ నింపాక మారిస్తే గొడవే. మనిషికి ఎన్ని బ్రాకెట్లో కూడా ముందే తేల్చండి. స్నేహితుల గుంపుకు ఒకటే న్యాయం. ఒకరు పది బ్రాకెట్లు వేసి, పదింటికీ వేర్వేరు చాంపియన్లను రాస్తే అది అంచనా కాదు.

షీటులో చేసుకునేవాళ్లకు ఒక సూచన. ప్రతి రౌండులో గెలిచిన జట్లను ఒక వరుసలో రాసి, మనిషి రాసిన పేర్లు అందులో ఎన్ని ఉన్నాయో కౌంట్‌ఇఫ్ ఫార్ములాతో లెక్కించి, రౌండు పాయింట్లతో గుణిస్తే చాలు. ఒక జట్టు ఒక దారిలోనే పైకి వస్తుంది కాబట్టి ఆట ఆటకూ సరిపోల్చే పని లేదు. చెడిపోయేదంతా పేర్ల దగ్గరే. ఒకరు ‘యూకాన్’ అనీ ఇంకొకరు ‘కనెక్టికట్’ అనీ రాస్తారు, ఒకరి ‘సెయింట్ జాన్స్’లో చుక్క ఉంటుంది, ఇంకొకరి దానిలో ఉండదు. షీటు వాటిని వేర్వేరు జట్లుగా చూసి సున్నా వేస్తుంది. పేర్లు టైపు చేయనివ్వకుండా డ్రాప్‌డౌన్ పెట్టండి.

ఎవరిని రాయాలి: సీడ్లు, ర్యాంకులు, పక్కవాళ్లు

పై నుంచి కిందికి నింపండి. ముందు చాంపియన్, తర్వాత ఫైనల్ ఫోర్, మొదటి రౌండు చివర్లో.

2017 నుంచి 2025 దాకా జరిగిన ఎనిమిది టోర్నీల్లో (2020లో జరగలేదు) ఏడింటిని 1వ సీడ్లే గెలిచాయి. 2023లో 4వ సీడుగా వచ్చిన యూకాన్ ఒక్కటే దానికి భిన్నం. 8వ సీడుగా విల్లనోవా గెలిచింది 1985లో, అంతకంటే కింది సీడ్ గెలిచింది లేదు. కాబట్టి చాంపియన్‌ను 1వ సీడ్ల నుంచే తీసుకోండి. అయితే నలుగురినీ ఫైనల్ ఫోర్‌కు పంపకండి. 2025 దాకా చూస్తే నాలుగు 1వ సీడ్లూ అక్కడికి చేరింది రెండుసార్లే, 2008లో, 2025లో. రెండు 1వ సీడ్లు, ఒక 2 లేదా 3, ఇంకొకటి మీ నమ్మకాన్నిబట్టి రాయడం నిలకడైన కూర్పు.

ఆ నలుగురిలో ఎవరన్నది గుంపు పరిమాణం చెబుతుంది. వంద మంది పూల్ అనుకోండి. ఒక జట్టు గెలిచే అవకాశం నూటికి 25, దాన్ని రాసినవాళ్లు 30 మంది. ఇంకో జట్టుకు అవకాశం 12, రాసినవాళ్లు ఐదుగురు. మొదటిది గెలిస్తే ముప్పై మందితో పోటీ, మీ వంతు నూటికి ఒకటి కూడా రాదు. రెండోదానితో మీ వంతు 2.4. గెలిచే అవకాశం సగమైనా, పూల్ గెలిచే అవకాశం దాదాపు మూడింతలు. ఏ జట్టును ఎంతమంది రాశారో ఈఎస్‌పీఎన్ గురువారానికి ముందే దేశవ్యాప్త శాతాల్లో చూపిస్తుంది. దానికి మీ ఊరి అభిమానాన్ని కలుపుకోండి. నార్త్ కరోలినా రాష్ట్రంలోని ర్యాలీ, క్యారీ ప్రాంతంలో ఆఫీసు పూల్ అయితే డ్యూక్, నార్త్ కరోలినా పేర్లు దేశ సగటు కంటే ఎక్కువే పడతాయి. హ్యూస్టన్‌లో ఉంటే ఆ ఊరి యూనివర్సిటీకి అదే జరుగుతుంది. పదిమంది గుంపులో ఇంత లెక్క అక్కర్లేదు. బలమైన రెండు జట్లలో మీ వాళ్లు తక్కువగా రాస్తారనుకున్నదాన్ని తీసుకుంటే సరి.

మొదటి రౌండుకు చరిత్ర మంచి కొలమానం. 8తో 9 ఆట బొమ్మా బొరుసే. 7తో 10, 6తో 11 ఆటల్లో కింది సీడ్ నూటికి 40కి కొంచెం తక్కువగా గెలుస్తుంది. 2కు 15 చేతిలో 2025 దాకా 11 ఓటములు. 1కి 16 చేతిలో 160 ఆటల్లో రెండే, 2018లో వర్జీనియా యూఎంబీసీ చేతిలో, 2023లో పర్డ్యూ ఫెయిర్లీ డికిన్సన్ చేతిలో. ఆ రెండు సంవత్సరాల్లోనూ ఒక్క 12వ సీడ్ కూడా గెలవలేదు. ‘12 మీద కనీసం ఒకటి రాయాలి’ అనే సూత్రాన్ని గుడ్డిగా పాటించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. సగటున ఏడాదికి ఒకటి రెండు గెలుస్తాయి, ఏవి అన్నదే కష్టం. సరిగ్గా చెప్పలేకపోతే 5వ సీడే రాసుకోవడం మామూలు స్కోరింగులో నష్టం కాదు.

ఏవి అన్నది తేల్చడానికి ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ) ర్యాంకులను నమ్ముకోకండి, అవి విలేకరుల ఓట్లు. కెన్‌పామ్, టార్విక్ లాంటి గణాంకాల సైట్లు ప్రత్యర్థి బలాన్ని సర్దుబాటు చేసి, బంతి చేతికొచ్చిన ప్రతి వంద సార్లకు ఎన్ని పాయింట్లు వేశారో, ఎన్ని ఇచ్చారో లెక్కిస్తాయి. వాటిలో 10వ సీడ్ ర్యాంకు 7వ సీడ్ కంటే పైనుంటే ఆ ఆటను కింది సీడుకు రాయడానికి భయపడక్కర్లేదు. ఫస్ట్ ఫోర్ నుంచి వచ్చే 11వ సీడును కూడా తీసిపారేయకండి. 2011లో వీసీయూ, 2021లో యూసీఎల్‌ఏ అక్కడి నుంచే ఫైనల్ ఫోర్ దాకా వెళ్లాయి.

బుధవారం రాత్రి ఒకసారి గాయాల వార్తలు చూడండి. 2025లో అయోవా స్టేట్ గార్డ్ కెషాన్ గిల్బర్ట్ టోర్నీకి దూరమయ్యాడన్న వార్త జట్ల జాబితా వచ్చే వేళకే తెలిసింది. ఆ 3వ సీడ్ రెండో రౌండులోనే ఓల్ మిస్ చేతిలో ఓడింది. అదే ఏడాది డ్యూక్ ఆటగాడు కూపర్ ఫ్లాగ్‌కు కొద్ది రోజుల ముందే చీలమండ బెణికింది, అయినా డ్యూక్ ఫైనల్ ఫోర్‌కు చేరింది. ఆడతాడా లేదా అన్న అనుమానానికీ, ఆడడన్న ప్రకటనకూ చాలా తేడా ఉంది.

మహిళల బ్రాకెట్

మహిళల టోర్నీలోనూ 2022 నుంచి 68 జట్లు. పెద్ద తేడా ఏమిటంటే ప్రతి రీజియన్లో మొదటి నాలుగు సీడ్లు తొలి రెండు రౌండ్లను సొంత కోర్టులోనే ఆడతాయి. అందువల్ల తొలి అప్‌సెట్లు తక్కువ. 3 కంటే కింది సీడ్ చాంపియన్ కాలేదు. ఇక్కడ అప్‌సెట్ బోనస్ పెద్దగా పనిచేయదు, 1-2-3-4-5-6 పెడితే అందరి స్కోర్లూ ఒకేచోట గుమిగూడతాయి. రెట్టింపు పద్ధతి ఇక్కడే నిజంగా నప్పుతుంది. బాస్కెట్‌బాల్‌కు కొత్తవాళ్లు మొదటి ఏడాది మహిళల బ్రాకెట్‌తో మొదలుపెడితే మొదటి రోజే నిరుత్సాహపడరు.

డబ్బు, టైబ్రేకర్, గడువు

డబ్బు పెట్టకండి. అమెరికాలో పందెపు చట్టాలు రాష్ట్రానికో తీరు. కాలేజీ అథ్లెటిక్స్ విభాగంలో పనిచేసే సిబ్బంది రుసుము ఉన్న బ్రాకెట్ పూల్‌లో చేరడం ఎన్‌సీఏఏ (ఈ టోర్నీని నడిపే సంస్థ) నిబంధనలకు విరుద్ధం, క్యాంపస్ ఉద్యోగం చేసే మన విద్యార్థులు ఇది తెలుసుకోవాలి. ఇండియాలోని స్నేహితులను కలుపుకుంటే మరింత జాగ్రత్త అవసరం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను బిగించాయి, 2025లో కేంద్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. గెలిచినవారికి ఏడాదిపాటు వాట్సాప్ గ్రూప్ పేరూ డీపీ మార్చే హక్కు ఇవ్వండి. అందరూ పట్టుదలగా ఆడతారు.

పాయింట్లు సమమైతే విజేతను తేల్చే టైబ్రేకర్‌గా ఫైనల్లో రెండు జట్ల మొత్తం స్కోరు అడగడం ఆనవాయితీ. 2021 నుంచి 2025 దాకా అది 156, 141, 135, 135, 128. సగటు 139. ఓవర్‌టైమ్ కలుపుతారో లేదో ముందే రాసిపెట్టండి. 2019లో వర్జీనియా, టెక్సస్ టెక్ ఫైనల్ అసలు సమయానికి 68-68, అంటే 136. ఓవర్‌టైమ్ అయ్యాక 85-77, అంటే 162. ఆట జరగకుండా జట్టు ముందుకెళితే గెలుపుగా లెక్కించాలన్నది కూడా రాయండి. 2021లో కోవిడ్ వల్ల వీసీయూ ఆడలేకపోతే ఒరెగాన్ అలాగే రెండో రౌండుకు వెళ్లింది.

గురువారం మొదటి ఆట ఈస్టర్న్ సమయం మధ్యాహ్నం 12 దాటగానే మొదలవుతుంది. 12:15 అనుకుంటే బే ఏరియాలో ఉదయం 9:15, హైదరాబాద్‌లో, విజయవాడలో రాత్రి 9:45. మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు మారతాయి కాబట్టి ఈస్టర్న్‌కూ మనకూ తేడా పదిన్నర గంటలు కాదు, తొమ్మిదిన్నరే. ఇండియావాళ్లు పాత లెక్కతో ఇంకో గంట ఉందనుకుని గడువు దాటించేది ఇక్కడే. మహిళల టోర్నీ మొదటి రౌండు శుక్రవారం మొదలవుతుంది. రెండు బ్రాకెట్లూ పెట్టుకున్న గుంపు రెండు గడువులనూ రెండు దేశాల సమయాల్లో రాసి గ్రూపులో పిన్ చేయాలి, బుధవారం రాత్రి ఇంకా నింపనివాళ్ల పేర్లు పెట్టి గుర్తుచేయాలి.